అంతర్జాతీయ సైన్స్ ఫెయిర్‌కి వెళ్తున్నా, వేరే దేశాల విద్యార్థులతో ఎలా కలవాలి?

తారాజువ్వ (విద్యార్థిని)

అందరికీ నమస్తే. నా ప్రాజెక్టు ఈసారి ఐసెఫ్‌కి, అంటే అమెరికాలో జరిగే ఇంటర్నేషనల్ సైన్స్ అండ్ ఇంజినీరింగ్ ఫెయిర్‌కి ఎంపికైంది. నీళ్లు ఎంత మడ్డిగా ఉన్నాయో తక్కువ ఖర్చుతో కొలిచే టర్బిడిటీ మీటర్ తయారుచేశాను. జడ్జీల ముందు ఏం చెప్పాలో మా గైడ్ సర్ రోజూ ప్రాక్టీస్ చేయిస్తున్నారు కాబట్టి ఆ విషయంలో ధైర్యంగానే ఉన్నాను.

టెన్షన్ అంతా మిగతా సమయం గురించే. 60కి పైగా దేశాల నుంచి 1,500 మందికి పైగా విద్యార్థులు వస్తారు. మొదట్లోనే పిన్‌లు (బట్టలకి గుచ్చుకునే చిన్న బ్యాడ్జీలు) మార్చుకునే కార్యక్రమం ఉంటుందట. కొత్తవాళ్లతో నేను అంత తొందరగా కలవలేను. ఏం తీసుకెళ్లాలి? ఏం మాట్లాడాలి? ఏం అడిగితే ఎదుటివాళ్లు నొచ్చుకుంటారు? స్టాల్‌ని మన దేశం కనిపించేలా అలంకరించమని చుట్టాలందరూ చెబుతున్నారు. వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి వివరంగా రాయండి.


ల్యాబ్‌కోట్ (ఉపాధ్యాయుడు)

అభినందనలు అమ్మా. ముందు స్టాల్ సంగతి తేల్చేద్దాం. అలంకరణ ఆలోచన ఇప్పుడే మానెయ్యి.

ఐసెఫ్‌లో స్టాల్ మీద ఏం పెట్టొచ్చు, ఏం పెట్టకూడదు అనేదానికి పెద్ద నిబంధనల పుస్తకమే ఉంది. వెడల్పు 122 సెంటీమీటర్లు, లోతు 76, నేల నుంచి ఎత్తు 274 దాటకూడదు. ప్రాజెక్టులో భాగమైతే తప్ప జెండాలు, లోగోలు, పాత బహుమతులు, మెడల్స్, కరపత్రాలు, విజిటింగ్ కార్డులు ఏవీ పెట్టనివ్వరు. ఫోన్ నంబర్, ఈమెయిల్, సోషల్ మీడియా చిరునామా, క్యూఆర్ కోడ్ కూడా నిషేధమే. నీకు ముఖ్యమైనది ఇంకోటుంది: మొక్కలు, మట్టి, తినే వస్తువులు, రసాయనాలు ఏవీ స్టాల్ మీద ఉండకూడదు, ఆ రసాయనాల్లో మామూలు నీళ్లు కూడా ఒకటి. నీది నీళ్ల ప్రాజెక్టు కదా, శాంపిల్ సీసాలు సర్దుకుని వెళ్లావంటే తనిఖీలోనే తీయించేస్తారు. ఫొటోలు పెద్దవిగా, స్పష్టంగా ప్రింట్ చేయించుకో.

ఈ నియమం నాకు చాలా నచ్చుతుంది. ఏ దేశం నుంచి వచ్చినా పోస్టర్ దగ్గర పని ఒక్కటే మాట్లాడాలి. నీ దేశం ఏమిటో, మీ ఇంట్లో ఎలా ఉంటారో తెలియాలంటే ఎదుటివాళ్లు నీతో మాట్లాడాల్సిందే.


వెన్నెల_స్కోప్ (పూర్వ ఫైనలిస్ట్)

చెల్లీ, పిన్‌ల గురించి నేను చెబుతాను.

మొదటి రోజుల్లో ఒక సాయంత్రం దీనికోసమే కేటాయిస్తారు. పెద్ద హాలు, సంగీతం, వందల మంది, ప్రతి ఒక్కరి చేతిలో ఒక చిన్న సంచి. మీ దేశం పిన్ ఒకటి ఇస్తావు, వాళ్లది ఒకటి తీసుకుంటావు. అందరూ వాటిని మెడలోని గుర్తింపు కార్డు తాడుకి గుచ్చుకుంటూ పోతారు. వారం గడిచేసరికి తాడు కనిపించదు.

సిగ్గరి పిల్లలకి ఇంతకంటే మంచి ఏర్పాటు లేదని నా నమ్మకం. మాట ఎలా మొదలుపెట్టాలో ఆలోచించనక్కర్లేదు, చెయ్యి చాపితే చాలు. కానీ చాలామంది దీన్ని పోటీలా చేస్తారు. ఎన్ని దేశాల పిన్‌లు పోగయ్యాయి అనే లెక్కలో పడి, ఇచ్చి పుచ్చుకుని మొహం కూడా చూడకుండా తర్వాతి మనిషి దగ్గరికి పరిగెడతారు. అలా చెయ్యకు. పిన్ చేతికి రాగానే "దీని మీద ఉన్న బొమ్మ ఏమిటి?" అని అడుగు. వాళ్లు చెప్పడం మొదలుపెడతారు. అయ్యాక "నీ ప్రాజెక్టు దేని మీద?" అని అడుగు. ఈ రెండు ప్రశ్నలు చాలు, ఆపైన మాట దానంతట అదే నడుస్తుంది.

పిన్‌లు లెక్కకి మించే పట్టుకెళ్లు. చివరి రోజు హాలు ఖాళీ చేసేటప్పుడు కూడా అడుగుతారు. స్టాల్‌లో సాయం చేసే వాలంటీర్లకీ, జడ్జీలతో మాట్లాడేటప్పుడు అనువాదం చేసిపెట్టేవాళ్లకీ ఇవ్వు, చాలా సంతోషిస్తారు.


గణకుడు

అందరూ సరదాగా చెబుతున్నారు, నేను కాస్త వేరేగా చెప్పాలి. ఐసెఫ్ అంటే పోటీ. ఏడాదిపాటు పడ్డ కష్టం జడ్జింగ్ రోజు కొన్ని నిమిషాల్లో తేలిపోతుంది. ముందు రాత్రుళ్లు స్నేహాలూ పార్టీలూ అని తిరిగి నిద్ర పాడుచేసుకుంటే ఉదయం గొంతు పెగలదు. మా అబ్బాయితో పాటు వెళ్లిన ఒక కుర్రాడికి సరిగ్గా ఇదే జరిగింది. తారాజువ్వ గారూ, జడ్జింగ్ అయ్యేవరకూ ప్రాజెక్టు మీదే ఉండండి. పరిచయాలు తర్వాత.


మౌనవీణ

గణకుడు గారూ, నిద్ర విషయంలో మీరు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. "పరిచయాలు తర్వాత" అన్నది మాత్రం ఒప్పుకోలేను. జడ్జింగ్ అయిన మర్నాటి నుంచి అవార్డుల హడావిడి, ఆ వెంటనే విమానాలు. తర్వాత అనుకున్నవాళ్లకి తర్వాత దొరకదు.

ఇంకో మాట. అన్ని సైన్స్ ఫెయిర్లూ పోటీలు కావు. మిల్‌సెట్ అని ఒక సంస్థ ఉంది, 1987లో కెనడాలోని క్యూబెక్‌లో పుట్టింది. వాళ్లు రెండేళ్లకోసారి నడిపే ఎక్స్‌పో సైన్సెస్ ఇంటర్నేషనల్‌లో ర్యాంకుల గొడవ ఉండదు. ప్రాజెక్టు చూపించడం, చూడటం, దేశాల వారీ సాంస్కృతిక కార్యక్రమాలు. లండన్‌లో 1959 నుంచి జరుగుతున్న ఇంటర్నేషనల్ యూత్ సైన్స్ ఫోరమ్ కూడా అంతే. రెండు వారాలు ఒకే చోట ఉంటారు, ఉపన్యాసాలు వింటారు, ల్యాబ్‌లు చూస్తారు, సైన్స్ బజార్ అని ఒక రోజు ఎవరి పని వాళ్లు ప్రదర్శించుకుంటారు. పోటీ లేనప్పుడు ఎదుటివాడి పోస్టర్‌ని చూసే చూపే మారిపోతుంది. "నాకంటే బాగా చేశాడా" అనే లెక్క పోయి "ఇది ఎలా చేశాడు" అనే ఆసక్తి వస్తుంది. పోటీ ఉన్న చోట కూడా ఆ చూపుతో వెళ్లగలిగితే అదే పెద్ద లాభం.

నాలాంటి తక్కువ మాటలవాళ్లకి ఒక సలహా: గుంపులోకి దూరాలని ప్రయత్నించకండి. ఒంటరిగా నిలబడ్డ ఇంకొకరిని వెతకండి. ప్రతి హాల్లోనూ ఉంటారు, ఎక్కువగా గోడల దగ్గర.


ల్యాబ్‌కోట్

మౌనవీణ గారు లండన్ ఫోరమ్ ప్రస్తావన తెచ్చారు కాబట్టి పాత సంగతి ఒకటి. ఐసెఫ్ మొదట అమెరికా పిల్లలకి మాత్రమే ఉండేది. 1950లో ఫిలడెల్ఫియాలో 30 మందితో నేషనల్ సైన్స్ ఫెయిర్ పేరుతో మొదలైంది. 1958లో కెనడా, జర్మనీ, జపాన్ చేరాక అంతర్జాతీయం అయింది. ఆ మూడు పేర్లూ ఇంకోసారి చదవండి. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి అప్పటికి 13 ఏళ్లు. ఆ మూడింటిలో జర్మనీ, జపాన్‌లతో అమెరికా యుద్ధం చేసింది, ఆ దేశాల పిల్లలే తమ ప్రయోగాలు పట్టుకుని వచ్చి అమెరికా పిల్లల పక్కన నిలబడ్డారు. మరుసటి ఏడాదే లండన్ ఫోరమ్ మొదలైంది. వివిధ దేశాల యువత ఒకరినొకరు అర్థం చేసుకోవాలనేది దాని లక్ష్యాల్లో ఒకటి.

అందుకే ఈ సాయంత్రాలనీ పిన్‌లనీ కాలక్షేపంగా చూడొద్దంటాను. గణకుడు గారి ఆందోళన నాకు అర్థమవుతుంది, నేనూ పిల్లల్ని తీసుకెళ్తాను. రాత్రి పది దాటనివ్వను. పది లోపు మాత్రం ఎవరినీ గదిలో కూర్చోనివ్వను.


పిల్లలతల్లి

నాకు ఒక సందేహం. మా అమ్మాయి కూడా వచ్చే ఏడాది ప్రయత్నిస్తోంది. అక్కడ పరిచయమైన వాళ్లకి ఫోన్ నంబర్లు ఇవ్వడం, ఫొటోలు దిగి ఆన్‌లైన్‌లో పెట్టడం ఎంతవరకు సురక్షితం? చాలామంది మైనర్లే కదా.


వెన్నెల_స్కోప్

మంచి ప్రశ్న అడిగారు అక్కా. ప్రతి బృందంతో బాధ్యత తీసుకునే పెద్దవాళ్లు ఉంటారు, వాళ్లకి చెప్పకుండా వేదిక దాటి ఎక్కడికీ వెళ్లకూడదు. ఇందులో మినహాయింపు లేదు. ఫొటో విషయంలో నేను పెట్టుకున్న పద్ధతి: దిగే ముందు అడుగుతాను, ఆన్‌లైన్‌లో పెట్టే ముందు మళ్లీ అడుగుతాను. దిగడానికి ఒప్పుకున్నారంటే పెట్టడానికి కూడా ఒప్పుకున్నట్టు కాదు. కొన్ని కుటుంబాల్లో, కొన్ని మతాల్లో ఫొటోలంటే ఇష్టపడరు, కారణం చెప్పమని అడగకూడదు. కరచాలనం కూడా అంతే. ఎదుటివాళ్లు చెయ్యి చాపితే ఇవ్వు, లేకపోతే చిరునవ్వుతో తలూపితే సరిపోతుంది.

పరిచయం నిలబెట్టుకోవాలంటే స్కూల్ ఈమెయిల్ ఇవ్వడం మేలు. చిన్న నోట్‌బుక్‌లో వాళ్ల చేతే రాయించుకోండి. పేరు ఎలా పలకాలో కూడా అడిగి పక్కన తెలుగులో రాసుకోండి. రెండోసారి కలిసినప్పుడు పేరు సరిగ్గా పిలిస్తే ఆ మొహంలో వెలుగు చూడాలి.

ఇక తారాజువ్వ అడిగిన "ఏం అడగకూడదు" గురించి. వార్తల్లో చూసిన యుద్ధాలు, ప్రభుత్వాలు, గొడవల గురించి మొదటి పరిచయంలో ఎత్తొద్దు. పదహారేళ్ల పిల్లని తన దేశానికి ప్రతినిధిగా నిలబెట్టి జవాబు చెప్పమనడం అన్యాయం. మనల్ని కూడా కొందరు అలాగే నిలదీస్తారు. "మా దేశంలో అందరూ ఇలా" అనకుండా "మా ఇంట్లో ఇలా" అని చెప్పడం అలవాటు చేసుకో. అది ఎప్పుడూ నిజమే అవుతుంది.


మౌనవీణ

చివరి మాట బంగారం అక్కా. ఇంకోటి కలుపుతాను: ఇంగ్లీష్‌లో తడబడేవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లు ఆగినప్పుడు మన మాట అందించేయకూడదు. కాసేపు ఆగితే వాళ్లే పూర్తి చేస్తారు. పేపర్, పెన్ను చేతిలో ఉంటే ఇంకా హాయి. గ్రాఫ్ గీస్తే అందరికీ అర్థమవుతుంది.


తారాజువ్వ

అందరికీ చాలా చాలా థాంక్స్. వెళ్లొచ్చాక తప్పకుండా రాస్తాను.


తారాజువ్వ

వచ్చేశాను. అవార్డు రాలేదు, దాని గురించి బాధ కూడా మెల్లగా తగ్గుతోంది. నేను రాయాలనుకున్నది వేరే విషయం.

పిన్‌ల సాయంత్రం వెన్నెల అక్క చెప్పినట్టే జరిగింది, బాగుంది. కానీ నాకు నిజంగా గుర్తుండిపోయింది జడ్జింగ్ రోజే. ఒక జడ్జి వెళ్లాక ఇంకొకరు వచ్చేదాకా ఖాళీ సమయం దొరుకుతుంది. నా పక్క స్టాల్ అమ్మాయి చాలా చలి దేశం నుంచి వచ్చింది. తనది కూడా టర్బిడిటీ మీటరే! మొదట చూసినప్పుడు గుండె జారింది, నిజం చెప్పాలి. నా పోటీదారు పక్కనే ఉంది అనుకున్నాను. మౌనవీణ అన్న రాసిన మాట గుర్తొచ్చి వెళ్లి "ఇది ఎలా చేశావు?" అని అడిగాను.

తన పోస్టర్ మీద ఒక గాజు గొట్టం ఫొటో ఉంది. గొట్టం బయట అంతా సన్నటి నీటి బిందువులు. వాళ్ల సరస్సు నీళ్లు ఎంత చల్లగా ఉంటాయంటే, గొట్టాన్ని గదిలోకి తెచ్చి మీటర్‌లో పెట్టేలోపే గాలిలోని తేమ గాజుకి పట్టేస్తుంది. టర్బిడిటీ మీటర్‌లో కాంతిని ఒకవైపు నుంచి పంపి, 90 డిగ్రీల పక్కన సెన్సర్ పెట్టి, నీళ్లలోని రేణువులు ఎంత కాంతిని చెదరగొట్టాయో చూస్తాం. గాజు మీది బిందువులు కూడా కాంతిని చెదరగొడతాయి కదా, తేట నీళ్లకి కూడా రీడింగ్ పెరిగిపోతుంది. శాంపిల్‌ని గది వేడికి వచ్చేదాకా ఉంచి, గొట్టాన్ని మెత్తటి గుడ్డతో తుడిచి అప్పుడు కొలుస్తుంది. అలా చేసిన రీడింగులు, చెయ్యని రీడింగులు రెండూ పక్కపక్కన గ్రాఫ్ వేసింది.

నాకు ఆ సమస్య ఎప్పుడూ ఎదురుకాలేదు. నా సమస్య రంగు. కుళ్లిన ఆకుల వల్ల గోధుమ రంగు పట్టిన నీళ్లు నా తెల్ల ఎల్‌ఈడీ కాంతిని పీల్చేసుకుంటాయి, రీడింగ్ ఉండాల్సినదానికంటే తక్కువ వస్తుంది. దానికోసం నేను లెక్కల్లో దిద్దుబాటు చేశాను. తను నా నోట్‌బుక్ తిరగేసి ఆ పేజీ దగ్గర ఆగిపోయింది. తన మీటర్‌లో 860 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీ ఉంది, టర్బిడిటీ కొలతకి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 7027లో చెప్పినట్టు. ఆ కాంతి మీద రంగు ప్రభావం చాలా తక్కువ.

ఆ తర్వాత తను అడిగిన ప్రశ్న నన్ను ఇప్పటికీ వదలడం లేదు. "నువ్వు ఎవరి నీళ్లు కొలిచావో వాళ్లకి ఫలితం చెప్పావా? విని ఏం చేశారు?" చెప్పాను. మీటర్‌లో అంకె చూపిస్తే చాలామంది దాన్ని పక్కనపెట్టి గ్లాసు వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూసుకున్నారని చెప్పాను. తను ఆశ్చర్యపోయింది. వాళ్ల దగ్గర నీటి సరఫరా సంస్థ ఇచ్చే అంకెనే నమ్ముతారట, గ్లాసు వైపు ఎవరూ పెద్దగా చూడరట. ఇద్దరం అప్పటిదాకా సెన్సర్ గురించే ఆలోచించాం. ఆ సెన్సర్ చెప్పే అంకెని ఎవరు నమ్ముతారు, ఎవరు నమ్మరు అనేది ఆలోచించలేదు.


గణకుడు

చదువుతుంటే ఒళ్లు పులకరించింది తల్లీ. జడ్జింగ్ అయ్యేదాకా పరిచయాలు వద్దని మీకు చెప్పినవాణ్ని నేను. మీ ప్రాజెక్టుకి దొరికిన అతి మంచి విమర్శ పక్క స్టాల్ నుంచే వచ్చింది. ఇన్‌ఫ్రారెడ్‌కి మారుతున్నారా?


తారాజువ్వ

మారుతున్నాను సర్. దాంతోపాటు ఇంకో ఆలోచన. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం టర్బిడిటీ 4 ఎన్‌టీయూ (మడ్డిని కొలిచే యూనిట్) దాటితే మడ్డి కంటికి కనిపించడం మొదలవుతుంది. క్లోరిన్ లాంటివి బాగా పనిచేయాలంటే 1 కంటే తక్కువ ఉంటే మంచిదంటారు. అంటే 1కీ 4కీ మధ్య నీళ్లు కంటికి తేటగానే కనిపిస్తాయి. ఇంకా ముఖ్యం, తేటగా ఉన్నాయంటే సూక్ష్మజీవులు లేవని కాదు. నేనూ తనూ కలిసి వేరువేరు ఎన్‌టీయూ ఉన్న నీళ్ల ఫొటోలు రెండు దేశాల్లోనూ మా స్కూల్ వాళ్లకి చూపించి, "ఈ నీళ్లు తాగుతారా?" అని అడగాలనుకుంటున్నాం. కంటిని ఎవరు నమ్ముతారో, అంకెని ఎవరు నమ్ముతారో తెలుస్తుంది. వచ్చే వారమే మొదలుపెట్టేద్దామా అని చూస్తున్నాం.


ల్యాబ్‌కోట్

ఆగు అమ్మా. ఆలోచన చాలా బాగుంది, కానీ వచ్చే వారం వద్దు.

మనుషుల్ని ప్రశ్నలు అడిగితే అది మనుషుల మీద పరిశోధనే. చిన్న సర్వే అయినా సరే. దీన్ని మళ్లీ ఏ ఐసెఫ్ అనుబంధ ఫెయిర్‌కైనా తీసుకెళ్లాలనుకుంటే, మొదటి మనిషిని అడగకముందే నైతిక సమీక్షా బృందం, అంటే ఐఆర్‌బీ, ప్లాన్ చూసి ఒప్పుకోవాలి. స్కూల్లోనే పెట్టుకోవచ్చు, కనీసం ముగ్గురు ఉండాలి: ఒక ఉపాధ్యాయుడు, స్కూల్ నిర్వహణలో ఉన్న ఒకరు, శారీరక మానసిక ఇబ్బందుల్ని అంచనా వేయగల డాక్టర్, నర్సు లేదా సైకాలజిస్ట్ లాంటి ఒకరు. నీకు గైడ్‌గా ఉన్నవాళ్లు అందులో కూర్చోకూడదు. జవాబు చెప్పేవాళ్లు మైనర్లు కాబట్టి వాళ్ల అంగీకారం, తల్లిదండ్రుల అనుమతి ఎలా తీసుకోవాలో కూడా ఆ బృందమే తేలుస్తుంది. మీ స్నేహితురాలు తన వైపు తన దేశపు నియమాలు కనుక్కోవాలి. ఇక్కడి అనుమతి అక్కడ చెల్లదు. మీటర్ పని పాతదానికి కొనసాగింపు అవుతుంది, దానికి వేరే ఫారం ఉంది. జడ్జీలు చూసేది ఈ ఏడాది పనినే.


గణకుడు

ఫొటోల గురించి ఒక హెచ్చరిక. ఒక్కో ఫోన్ తెర ఒక్కో వెలుగు, ఒక్కో రంగు చూపిస్తుంది. 3 ఎన్‌టీయూ ఫొటో ఒక తెర మీద తేటగా, ఇంకో తెర మీద మడ్డిగా కనిపిస్తే మీరు కొలుస్తున్నది మనుషుల నమ్మకం కాదు, తెరల తేడా. ఒకే చోట ప్రింట్ చేయించి రెండో సెట్ తనకి పోస్ట్‌లో పంపండి. గ్లాసు వెనక గళ్ల కాగితం పెట్టి ఫొటో తీస్తే ఇంకా మేలు.


పిల్లలతల్లి

అనుమతి పత్రం తయారయ్యాక ఇక్కడ పెట్టు తల్లీ. ఒక అమ్మగా చదివి, ఎక్కడ భయం వేస్తుందో, ఎక్కడ అర్థం కాలేదో చెబుతాను.


తారాజువ్వ

అలాగే ఆంటీ, తప్పకుండా. సర్, మా స్కూల్లో బృందం గురించి రేపే అడుగుతాను. తనకి కూడా ఇప్పుడే మెయిల్ పెట్టాను. ప్రింట్ల పని నాది, ప్రశ్నల ముసాయిదా తనది అనుకున్నాం.

ఒక్క చోట మాత్రం ఇద్దరికీ కుదరడం లేదు. "ఈ నీళ్లు మీరు తాగుతారా?" అని అడుగుదాం అంటుంది తను. "మీ ఇంట్లో చిన్నపిల్లలకి ఇస్తారా?" అని అడిగితేనే నిజమైన జవాబు వస్తుందని నేనంటున్నాను.


వెన్నెల_స్కోప్

రెండూ అడగండి, రెండు దేశాల్లోనూ. ఏది ముందు అడిగారు అనేది కూడా జవాబుని మారుస్తుంది కాబట్టి సగం మందికి ఒక వరుసలో, మిగతా సగానికి తిరగేసి ఇవ్వండి. ఐఆర్‌బీకి పెట్టే ప్లాన్‌లో ఈ వరుస సంగతి ఇప్పుడే రాసెయ్యి చెల్లీ. అనుమతి వచ్చాక మార్చాలంటే మళ్లీ వాళ్ల దగ్గరికే వెళ్లాలి.